కందెన, కీలెణ్ణె, వండిమై: మా జీపు కీళ్ల కథ

ఇంతవరకూ ఇక్కడ మన ఇంటి భూములు, బావులు, పెళ్లిళ్ల గురించి రాస్తూ వచ్చాం. ఈసారి జీపు. దాన్ని ఎవరు కొన్నారు, ఎంతకి కొన్నారు అని పెద్దలు చెప్తూనే ఉంటారు. ధర్మపురి కొండదారుల్లో అన్నేళ్లు ఎట్లా నిలబడిందో మాత్రం ఎవరూ చెప్పరు. మమ్మల్ని అడిగితే ఇంజను గొప్ప కాదు, ఫోర్ వీల్ గొప్పా కాదు. బండి కిందికి దూరి తాత కొట్టిన గ్రీజుది ఆ గొప్ప.

జీపుకు ముందు మనది ఎద్దుల బండి. ఇరుసుకు పూసేదాన్ని మనం కందెన అంటాం, గడ్డి కాల్చిన మసిలో ఆముదం కలిపి చేసేది. ఊళ్లో తమిళంవాళ్లు దాన్నే వండిమై అంటారు. కన్నడ మీడియంలో చదివిన మాకు బళ్లో వచ్చిన మాట కీలెణ్ణె. మూడింట్లో మాకు నచ్చింది అదే, అందులో కీలు ఉంది కాబట్టి. తాత మాత్రం గ్రీజు డబ్బాను కూడా కడదాకా కందెన డబ్బా అనే అన్నారు.

జీపు యుద్ధం కోసం పుట్టిన బండి. రెండో ప్రపంచ యుద్ధంలో విల్లీస్, ఫోర్డ్ కలిసి ఆరు లక్షలకు పైగా చేశాయి. 1940ల చివర్లో మహీంద్రావాళ్లు బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. మన ధర్మపురి 1965 అక్టోబర్ 2న సేలం నుంచి విడిపోయి జిల్లా అయింది. జిల్లా అయినంత మాత్రాన కొండ ఊళ్లకు రోడ్డు పడలేదు. పెన్నాగరం దగ్గర కోటూరు కొండకు ఎన్నికల సామాన్లు గాడిదల మీద ఎక్కించిన సంగతి పేపర్లలో మీరూ చదివే ఉంటారు. అట్లాంటి దారుల్లోంచి చింతపండు మూటలు దించడానికే మా జీపు.

ఇప్పుడు కీళ్ల సంగతి. గేర్‌బాక్సు ఛాసీకి బిగించి ఉంటుంది, కదలదు. యాక్సిలు పట్టీల మీద ఎగిరెగిరి పడుతుంది. రెంటి మధ్యా తిరిగే షాఫ్టు వంగుతూ తిరగాలంటే రెండు కొసలా క్రాస్ ఉండాలి. ముందు షాఫ్టుకు రెండు, వెనక షాఫ్టుకు రెండు, మొత్తం నాలుగు. ఒక్కో క్రాస్‌కు నాలుగు కొమ్ములు, ఒక్కో కొమ్ముకు సూదుల్లాంటి రోలర్లున్న టోపీ. ఈ కీలు ఆలోచన పాతదే. 16వ శతాబ్దపు ఇటలీ పండితుడు కార్డానో పేరు మీదే కార్డాన్ షాఫ్టు అంటారు. 17వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో రాబర్ట్ హుక్ దీని మీద రాశాడు. మోటారు కారుకు పనికొచ్చేలా చేసి 1903లో పేటెంటు తీసుకున్నది అమెరికాలో క్లారెన్స్ స్పైసర్. ఆ స్పైసర్ పేరు మెకానిక్కుల నోట ఇప్పటికీ వింటాం.

క్రాస్‌కు ఒక గుణం ఉంది. వంగి తిరిగినప్పుడు అవతలి కొస వేగం ఒక్కో చుట్టులో రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. రెండో కొసలో ఉన్న క్రాస్ దాన్ని సరిచేస్తుంది, రెండూ ఒకే వరసలో ఉంటేనే. అందుకే షాఫ్టు మధ్య జారే భాగాన్ని విప్పితే గుర్తుకు గుర్తు కలిపి ఎక్కించాలి. ఒక్క పన్ను అటూఇటూ అయినా బండి వణుకుతుంది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే మాకు ఇది భలే నచ్చింది: రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటే బయటికి ఏమీ కనపడదు!

పాత విల్లీస్ రకంలో హ్యాండ్ బ్రేకు చక్రాలకు ఉండదు, వెనక షాఫ్టుకే ఉంటుంది. తోప్పూరు ఘాటు దిగేటప్పుడు వెనక క్రాస్ విరిగిందనుకోండి. ఇంజను పట్టు పోతుంది, హ్యాండ్ బ్రేకూ పోతుంది, కాలి బ్రేకు ఒక్కటే మిగులుతుంది. మూటల మీద కూర్చున్న మనుషులతో సహా. తాత భయం అదే. ఇంట్లో ఎవరికీ చెప్పేవారు కాదు గానీ ఘాటుకు ముందు రోజు తప్పకుండా గన్ను పట్టేవారు.

ఆయన పద్ధతి ఇది. మొదట నిప్పల్ మీది మట్టి గుడ్డతో తుడవాలి, లేకుంటే ఆ మట్టినే లోపలికి ఎక్కించినట్టు. గాలి ప్రెషరు గన్ను వద్దు, సీళ్లు చిరుగుతాయి, చేతి గన్నే మేలు. నాలుగు టోపీల నుంచీ పాత గ్రీజు బయటికొచ్చేదాకా కొట్టాలి. మూడింట్లోనే వస్తే నాలుగోది ఎండిపోతోందని అర్థం. షాఫ్టును కొంచెం తిప్పి, వదులు చేసి మళ్లీ కొట్టాలి. జారే భాగపు నిప్పల్ మరవకూడదు. వాగు దాటి వచ్చారంటే లెక్క చూడకుండా ఆ రోజే. మామూలుగా అయితే వెయ్యి మైళ్లకోసారి. టోపీల చుట్టూ ఎర్రటి పొడి కనపడితే, గేరు వేసి క్లచ్ వదిలినప్పుడు టక్ మంటే, ఇక గ్రీజు పని కాదు, క్రాస్ మార్చాల్సిందే. ముందు షాఫ్టును వదిలేస్తారు చాలామంది, ఫోర్ వీల్ వెయ్యట్లేదు కదా అని. ముందు చక్రాలకు విడగొట్టే హబ్బులు లేని జీపుల్లో ఆ షాఫ్టు ఊరికే అయినా తిరుగుతూనే ఉంటుంది.

నిప్పల్ కూడా ఒకరు కనిపెట్టిందే. ఆస్ట్రియా నుంచి వెళ్లిన ఆస్కార్ జెర్క్ 1929లో అమెరికాలో పేటెంటు పొందాడు. ఇప్పుడు వచ్చే చాలా క్రాసుల్లో అది లేదు. లోపలే గ్రీజు పెట్టి మూసేస్తున్నారు, పోతే మార్చెయ్యడమే. నాయన మాత్రం షాపులో డబ్బా విప్పించి, క్రాస్‌ను చేతిలో తిప్పి చూసి, నిప్పల్ ఉన్నదే కావాలంటారు. దొరక్కపోతే హొసూరు దాకా పోతారు.