తక్కెడ పాసంగము, కండరపు నీలిమ

కోనసీమలో ఎండుకొబ్బరియు ధాన్యమును తూచి అమ్ముకొనిన పాతదినములలో, తక్కెడ పట్టినవాడు సరకు వేయకమునుపే ఉత్త పళ్లెములను పైకెత్తి పదిమందికిని చూపవలెనను పట్టుదల యుండెడిది. ముల్లు ఒకవైపునకు ఒరిగినచో, తేలిక పళ్లెములో రాతిముక్కయో చింతగింజయో వేసి, అది నిలువునకు వచ్చిన పిమ్మటనే తూనిక సాగవలెను. దీనినే పాసంగము చూచుట యందురు. తక్కెడ చెప్పు మాటలో సరకు వంతే కాక తక్కెడ వంతును కొంత కలిసియుండునని, ఆ రెంటిని విడదీయనిదే బేరము ధర్మము కాజాలదని, అమలాపురము కొత్తపేటల రైతులు ఏ గ్రంథమును చదువకయే ఎరుగుదురు.

వెలుగును కొలుచు శాస్త్రమున ఈ పాసంగము మిక్కిలి సూక్ష్మమైన రూపము దాల్చినది. కొన్ని పదార్థములు తమపై బడిన కాంతిని గ్రహించి వేఱొక రంగు కాంతిని వెలిగ్రక్కును. ఈ గుణమునకు ఇంగ్లాండున జార్జి స్టోక్సు 1852లో ఫ్లోరెసెన్సు అను పేరు పెట్టెను, మనము ప్రతిదీప్తి యనుచున్నాము. చలిజ్వరమునకు మన పెద్దలు మొగము చిట్లించుకొని మ్రింగిన క్వినైనే దానికి తొలి ఉదాహరణములలో నొకటి. ఆ దీప్తి ఆయుష్షు తరచుగా కొన్ని నానోసెకన్లు మాత్రమే. నానోసెకను అనగా సెకనులో నూరుకోట్లవ వంతు. 1926లో బెర్లినులో గవియోలా అట్టి స్వల్పాయుష్షును కొలుచు యంత్రమును నిర్మించెను. అయితే పదార్థమును వెలిగించు మెరుపే దాదాపు అంతసేపు సాగవచ్చును, దీప్తిని పట్టుకొను గ్రాహకము తానును కొంత జాగు చేయును. కనుక కొలతలో గీయబడిన రేఖ పదార్థమొక్కదాని చరిత్ర కానేరదు. అందుచే తరువాతి పరిశోధకులు, ప్రతిదీప్తి చూపక, కాంతిని చెదరగొట్టుట మాత్రమే ఎరిగిన, నీరు కలిపిన పాలవంటి ద్రవమును ముందుగా యంత్రమున నుంచి, యంత్రము యొక్క సొంత జాగును నమోదు చేసికొనుచుండిరి. దానిని ఉత్త తీసివేతతో తొలగింపరాదు. మెరుపులోని ప్రతి క్షణమును తన వెనుక ఒక క్షయరేఖను ఈడ్చుకొని వచ్చును గనుక, ఒక ఆయుష్షును ఊహించి, దానిని యంత్రపు జాగుతో మేళవించి, కొలిచిన రేఖతో సరిపోలువరకు ఆ ఊహను సవరించుకొనుచు పోవలెను.

ఈ గణితమంతయు వాడుకలోనికి రాకమునుపే, ఒక నీలిరంగు ఎదుట కూర్చుండి ఇదే వివేకమును చూపినవాడు మన గోదావరి డెల్టావాడు. రాజోలువారు వసిష్ఠ గోదావరి దాటి నరసాపురము మీదుగా పోవు భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, మామగారి సొమ్ముతోను కాకినాడ మల్లాడి సత్యలింగనాయకరు ధర్మసంస్థ ఇచ్చిన మాటబలముతోను అమెరికా చేరి, హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కేతో కలసి, శరీరద్రవములలోని భాస్వరమును రంగుచే కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. మాలిబ్డిక్ ఆమ్లము కలిపినప్పుడు ఫాస్ఫేటుతో ఏర్పడు సంయోగము తగిన క్షయకారకము సోకగానే నీలమగును. ఆ నీలిమను, పరిమాణము తెలిసిన ప్రామాణిక ద్రావణపు నీలిమ ప్రక్కన నిలిపి, దుబోస్క్ వర్ణమాపకములోని రెండు అర్ధచంద్రములు ఏకమగువరకు ద్రవపు లోతును మార్చుచు చూడవలెను. దీపము మందమైనను, కారకము పాతబడినను, చూచువాని కన్ను అలసినను, ఆ దోషము రెండు పాత్రలకును సమానముగా చెందును.

కండరపు రసమును పరీక్షించునప్పుడు ఒక వింత కనబడెను. ప్రామాణిక ద్రావణము కొద్ది నిమిషములలో నీలమైనను కండరపు రసము వెనుకబడి, చాలసేపటివరకు క్రమక్రమముగా రంగెక్కుచునే యుండెను. కారకము చెడినదనియో, రంగును అడ్డగించు మలినమేదో కలదనియో తలచి, ఆ లెక్కను ప్రక్కకు నెట్టివేయుటకు వీలుండెను. అదే కారకముతో, అదే వేళ, అదే కంటికి ప్రామాణిక ద్రావణము సకాలమున నీలమైనది గదా. మరి ఈ జాగు ఎవరిది? పరికరపు వంతును పరికరమునకు అప్పగించిన పిమ్మట మిగిలిన జాగు కండరమునదే కావలెను. ఆమ్లములో మెల్లగా విచ్చిపోవుచు ఫాస్ఫేటును విడిచిపెట్టు ఒక అస్థిర పదార్థము అందు దాగియుండెను. అదియే ఫాస్ఫోక్రియాటిన్. కండరము శ్రమించినప్పుడు అది తరుగునని, విశ్రాంతిలో మరల కూడుకొనునని వారు 1927లో లోకమునకు తెలిపిరి. 1929లో ఏ.టి.పి. (అడెనోసిన్ ట్రైఫాస్ఫేటు) అను పదార్థమును కూడ అదే కండరమునుండి వేరుచేసిరి. ఆ సంవత్సరముననే జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రముగా దానిని కనుగొనెను.

సుబ్బారావు పేరు చెప్పగానే ఫోలిక్ ఆమ్లమును, అరియోమైసిను అను మందును తలచుకొనుట మనవారికి అలవాటు, అది న్యాయమే. నాకు మాత్రము ఆ జాగును కొట్టివేయక, దాని యజమానిని వెదకిన ఆ చూపే ఆయన మహిమలలో మొదటిదిగా తోచును. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి దశాబ్దములపాటు దేశదేశముల ప్రయోగశాలలలో నిలిచినది. రక్తములోని భాస్వరమును చూచుటకు కూర్చున్నవాడు రోగి రక్తమున్న గొట్టము ప్రక్కన, తెలిసిన ఫాస్ఫేటున్న గొట్టమొకటియు, ఫాస్ఫేటు లేకుండ కారకములు మాత్రమే పోసిన గొట్టమొకటియు నిలిపి, ముందుగా ఆ రెంటిని చూచి, పిమ్మటనే రోగి గొట్టమువైపు చూపు మరల్చెడివాడు.