పలనాటి బ్రతుకుదెరువులు



పలనాడనగానే బ్రహ్మనాయుడు, నాగమ్మ, కారెంపూడి రణరంగము స్మరణకు వచ్చుట సహజము. నేడు నేను చెప్పబోవునది కత్తికథ కాదు, కూటికథ. మనవారు ఏయే పనులు చేసి బ్రతికిరి, ఆ పనులనే యేల పట్టిరి, మఱల నేల విడిచిరి అనునది విషయము.

ఈ విచారమునకు నన్ను పురికొల్పినది యొక వృద్ధుని ప్రశ్న. ముప్పదియేండ్ల క్రిందట నేను వెల్దుర్తి ప్రాంతమున తెలుగు పండితుడనుగా నుంటిని. నల్లమల యంచున నున్న తండానుండి యొక బాలుడు మా బడికి వచ్చుచుండెను. చురుకైనవాడు. పదవ తరగతి ముగియగానే పైచదువునకు పంపుమని యింటిలో పట్టుపట్టెను. అతని తాత నా సలహా యడుగవచ్చెను. గువ్వలచెన్న శతకము నాకు కంఠస్థము. కులవృత్తిని మించినది లేదను నీతి నాలుకమీదనే యుండెను. "తాతా, పశువులను మేపుట మీ వంశమున వచ్చిన వృత్తి. చదువు సగమై, ఆ వృత్తియు చెడినచో పిల్లవాడు రెంటికి చెడిన రేవడి యగును" అంటిని.

వృద్ధుడు నవ్వి, "పశువులు కాయటం మా వృత్తి అని ఎవరు చెప్పారు పంతులుగారూ? మా తాతలు ఎడ్లమీద ఉప్పు మోసినవాళ్లు. ఆ మోత ఎందుకు పోయిందో మీ పుస్తకాల్లో ఉంటే చదివి చెప్పండి" అనెను.

నాయొద్ద సమాధానము లేకపోయెను. వ్యాకరణము చదివితిని, అలంకారశాస్త్రము చదివితిని. నా చుట్టునున్నవారు ఏమి చేసి బ్రతుకుచున్నారో, ఆ పని వారి చేతికెట్లు వచ్చెనో యెన్నడును విచారింపనైతిని. నాటినుండి చదివియు, పెద్దల నడిగియు తెలిసికొన్నదానిలో కొంత నేడు మనవి చేసెదను.

మొదట నేల సంగతి. పలనాటికి ఉత్తరమున కృష్ణానది, దక్షిణమున నల్లమల కొండలు. నది దగ్గఱనే యున్నను అది లోతున పాఱును; మన పొలములు మెఱకన నున్నవి. కాబట్టి పూర్వకాలమున కృష్ణ మనకు కనులకు కనబడు నీరేగాని పైరున కందు నీరు కాదు. సేద్యమంతయు వానమీద, వాన తప్పినను కొంత తాళగల జొన్నయే కూడు. శ్రీనాథుని పేర వ్యాపించిన యొక చాటువు మన సీమను పరిహసించుచున్నది. ఇచ్చట ఎంతటి సుందరికైనను నూలు వడుకుట తప్పదనియు, ఎంతటి ప్రభువునకైనను దుక్కి తప్పదనియు, జొన్నలు తప్ప వేఱు గతి లేదనియు దాని భావము.

మనవారు ఆ పద్యమునకు కినుక వహించుట కద్దు. నేను దానిని సాక్షి వాఙ్మూలముగా చదివితిని. తొలకరి పదును కొలది దినములే నిలుచును. ఆ దినములలో విత్తనివానికి ఏడాది పోయినట్లే. అట్టి వేళ నేను దొరను, వీడు పాలేరు అని కూర్చున్నచో పని గడవదు. ఉన్న చేతులన్నియు మేడి పట్టవలసినదే. పంట యిల్లు చేఱిన పిదప చేలలో పని లేదు, నల్లరేగడిలో పండిన ప్రత్తి యింటిలో నున్నది. కనుక స్త్రీలు వడికిరి. కవి నవ్వినది మన బీదతనమును చూచి. కాని యా నవ్వులోనే యీ రెండు పనుల కారణమును దాగియున్నది. ఆ రాట్నమును ఆపినదియు సోమరితనము కాదు. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండునుండి మరనూలు వచ్చి చేతినూలు ధరను పడగొట్టెను. 1921లో బెజవాడలో కూడిన కాంగ్రెసు సభ దేశమున 20 లక్షల రాట్నములు తిరుగవలెనని తీర్మానించినపుడు, మన యవ్వలకది క్రొత్త విద్య కాదు, పోయిన విద్య.

నీరు చాలనిచోట రాయి అన్నము పెట్టినది. క్రీ. శ. మూడవ శతాబ్దమున ఇక్ష్వాకులు కృష్ణయొడ్డున విజయపురిని రాజధానిగా చేసికొని యేలిరి. నేడు నాగార్జునకొండ మ్యూజియమున మనము చూచు శిల్పములు పలనాటి సున్నపురాతిమీద చెక్కినవే. ఆ రాయి ఉలికి లొంగును. దుర్గి గ్రామ శిల్పులు నేటికిని రాతిని నమ్ముకొనియే యున్నారు. వారి పనికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. పిడుగురాళ్లలో సున్నపురాతిని కాల్చి సున్నము చేయుచున్నారు. మాచర్లలో సిమెంటు చేయుచున్నారు. ఒక్క రాయి మూడు వృత్తులకు తల్లి యైనది.

ఇక పశువులు. వాననమ్ముకొన్న రైతునకు మంద యనునది ధాన్యపుపాతరవంటిది. చేను ఎండినను పశువు నడిచి అడవికి పోయి మేసి బ్రతుకును, ఇంటివారిని బ్రతికించును. అందుచేతనే నల్లమల యంచుపల్లెలలో సేద్యము, పశుపోషణము జంటగా పెరిగినవి. 1882లో మద్రాసు అటవీశాసనము వచ్చినది. అడవులు సర్కారు హద్దులలోనికి పోయినవి. తాతలనాటినుండి మేసిన బీటికి పుల్లరి యను పన్ను చెల్లింపవలసివచ్చెను. 1921లో పలనాటి పల్లెలు పుల్లరి కట్టమని ఎదురుతిరిగినవి. జనుల కష్టములు విచారింప వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణగారు, మాడభూషి వేదాంతం నరసింహాచార్యులుగారు చెఱసాల పాలైరి. లక్ష్మీనారాయణగారు మాలపల్లి నవలను చెఱలోనే రచించిరి. 1922 ఫిబ్రవరిలో మించాలపాడున కన్నెగంటి హనుమంతు తుపాకిగుండ్లకు బలియయ్యెను. కొన్ని అణాల పన్నునకు ప్రాణము లొడ్డుదురా యని యడుగువారు కలరు. అది పన్నుతగవు మాత్రమే కాదు. కఱవునాడు బ్రతుకునకు మిగిలిన యొక్క త్రోవకు సర్కారు వేసిన తాళము.

ఇప్పుడు ఆ వృద్ధుని ప్రశ్నకు వచ్చెదను. సుగాలీలు, లంబాడీలు, బంజారాలు అని పిలువబడువారు ఒకప్పుడు దేశమునకు బండ్లు, రైళ్లు తామే యైనవారు. వేలకొలది యెడ్లమీద పెరికెలు వేసి, సముద్రతీరపు ఉప్పును లోనాడులకును, లోనాటి ధాన్యమును సంతలకును చేర్చిరి. మొగలు సేనలకును, పిదప కుంపిణీ సేనలకును గింజలు మోసినవారు వీరే. బాటలేని కొండదారిన ఎద్దుకాలు తప్ప వేఱు సాధనము లేదు. అందుచే ఆ వృత్తి పుట్టెను. 1805లో కుంపిణీ ప్రభుత్వము మద్రాసు రాజధానిలో ఉప్పును తన గుత్తగా చేసికొనెను. తరువాత గట్టిబాటలు వచ్చెను, బండ్లు వచ్చెను, రైలు వచ్చెను. మూట పోయెను, ఎద్దు మిగిలెను. మిగిలిన యెద్దును మాత్రము చూచి నేను, "మీది పశువుల వృత్తి" యంటిని.

ఉప్పుమోత చేసిన ఎఱుకలవారికి ఇంతకన్న ఘోరము జరిగెను. 1911 నాటి నేరస్థజాతుల శాసనము మద్రాసు రాజధానిలో కులములకు కులములనే పుట్టుకతో దొంగలని పట్టికలో నెక్కించెను. బాపట్లదగ్గఱ స్టూవర్టుపురమువంటి సెటిల్‌మెంట్లు అట్లు వెలసినవే. ఆ శాసనము పిదప రద్దైనది. కూటిత్రోవ మూసినవారే, త్రోవ తప్పినవారని పేరు పెట్టిరి. శాసనము వ్రాసిన మాటను కొందఱు కులవృత్తి యని నమ్మిరి. పుస్తకములో నున్నదంతయు వంశధర్మము కాదని నా కప్పుడు తెలిసెను.

నీటి కథయు నిట్టిదే. 1832-33లో, నందననామ సంవత్సరమున వచ్చిన కఱవులో గుంటూరు జిల్లాలోని సుమారు 5 లక్షల జనములో లక్షన్నరకు పైగా నశించిరి. పిదప 1855నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తియై డెల్టా పచ్చబడినది. ఎగువన మెఱకనున్న పలనాటికి ఆ నీరెక్కలేదు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగి, 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదలిరి. కాలువ పాఱినచోట జొన్నచేలు వరిమళ్లాయెను, ప్రత్తి, మిరప పెరిగెను. మన తాతలనాటి పంటయని మురియు మిరపకాయయు, పదునాఱవ శతాబ్దమున పోర్చుగీసువారి ఓడలలో అమెరికా ఖండమునుండి వచ్చినదే. వెల్దుర్తి మెట్టలలో పెక్కుభాగము నేటికిని మబ్బును, గొట్టపుబావిని నమ్ముకొన్నదే. ఆ మెట్టలకు నీరెత్తుటకై వరికపూడిశెల పథకమునకు 2023 నవంబరులో శంకుస్థాపన జరిగినది.

ఇంతవఱకు ఇతరుల సంగతి చెప్పితిని. నా సంగతి దాచుట ధర్మము కాదు. మా తాతగారు పురాణము చెప్పి, గ్రామస్థు లిచ్చిన జొన్నలతో సంసార మీడ్చిరి. నేను భాషాప్రవీణ చదివి ఉపాధ్యాయుడనైతిని. సరస్వతీసేవకై యీ వృత్తిని కోరితినని సన్మానసభలలో చెప్పుకొంటిని. అది సగము సత్యము. వాన కురిసినను కురియకున్నను నెలకొకసారి చేతికందు జీతము తక్కిన సగము. పురాణము విడిచినందుకు నన్నెవ్వరును కులవృత్తి చెఱచినవాడనలేదు. పశువులను విడువదలచిన బాలునికి మాత్రము నేను శతకనీతి చెప్పితిని.

ఆ బాలుని చదువు పదవ తరగతితోనే నిలిచెను. బీదతనమే ప్రధానకారణము, నా మాటయు దానికి తోడయ్యెను. కొన్నేండ్ల క్రిందట మాచర్లలో నెదురై నన్ను గుర్తుపట్టి నమస్కరించెను. గుంటూరు యార్డుకు మిరపకాయలు తోలు లారీ అతనిది. నాకు సంతోషము పొంగి, "నాయనా, తాతల మోతవృత్తికే మఱల వచ్చితివి" అంటిని. అతడు నెమ్మదిగా, "తాతలని కాదు పంతులుగారూ, బోరు ఎండిపోయింది, లారీకి అప్పు పుట్టింది" అనెను. తాత యొకసారి, మనుమ డొకసారి, ఒకే పాఠము నాకు రెండుమాఱులు చెప్పవలసివచ్చెను.

పెద్దలారా! మన యిండ్లలో పిల్లలు సేద్యము విడిచి పట్టణములకు పోవుచున్నారని నిట్టూర్చుచున్నాము. వారు వృత్తిని విడిచిరా, వృత్తియే వారిని విడిచినదా యని ముందుగా విచారింపుడు. నీరు ఎచ్చట ఆగెను, బాట ఎటు తిరిగెను, ఏ శాసనము ఏ తలుపు మూసెను అని యడుగుడు. అడిగిన పిదప కూడ నిందింప దగినది మిగిలినచో నిందింపుడు.

ఇంకొక మనవి. మీ గ్రామమున ముదుసలులు ఉన్నంతలోనే వారి తాతలు ఏ పనిచేసి బ్రతికిరో, దాని నేల మానిరో యడిగి, ఒక నోటుపుస్తకమున వ్రాసి యుంచుడు. నేనడుగుటకు ఆలస్యము చేసితిని. ఉప్పుమోసిన దారులు ఏ కొండ పక్కగా పోయెడివో చెప్పగల ఆ వృద్ధుడు, నేను కాగితము తీసికొని తండాకు పోవునప్పటికి కాలధర్మము చెందియుండెను.

సెలవు.