నరం: తీగ నుంచి కణం దాకా

శంషాబాద్ దగ్గరి మామిడిపల్లిలో మా అవ్వ అరుగు మీద కూచుని, మడమ వెనుక ఒత్తుకుంటూ "నరాలు గుంజుతున్నయి బిడ్డా" అంటుంది. ఆమె వేలికి తగిలేది కండను ఎముకకు కట్టే తాడు. వాడుకలో నరమంటే అదీ, చేతి మీద ఉబ్బే రక్తనాళమూ, డాక్టరు చెప్పే నాడీ కూడా. దీని తోబుట్టువు తమిళ ‘నరంబు’ వీణ తీగకూ పేరు. గ్రీకు ‘న్యూరాన్’దీ ఇదే కథ: మొదట కండ తాడు, వింటినారి, 1891లో జర్మన్ శాస్త్రవేత్త వాల్డెయర్ ఆ మాటను నాడీకణానికి పెట్టాడు. చుట్టరికం లేని రెండు భాషలు ఒకే దారిన నడవడం నాకెంతో అబ్బురం.

తీగ పోలిక వట్టిది కాదు. నడుము నుంచి పాదం దాకా పోయే ఒక్క కణపు పోగు దాదాపు మీటరు పొడవు. దానికి కావలసిన సరుకు ఎక్కువగా పైన కణదేహంలోనే తయారవుతుంది. లోపలి సన్న గొట్టాల వెంట కినెసిన్ అనే ప్రొటీన్ కిందికి మోసుకుపోతుంది. షుగర్‌లో సాధారణంగా ముందు చెడేది ఆ దూరపు కొస. అవ్వకూ తిమ్మిరి కాలివేళ్లలోనే మొదలైంది. కాలిలో తెగిన పోగు, కణదేహం బతికుంటే, రోజుకు సుమారు 1 మిల్లీమీటరు మళ్లీ సాగగలదు. వెన్నుపాములో తెగితే ఆ సాగుడు దాదాపు ఉండదు.