బెల్ట్ పెట్టకపోతే స్టార్ట్ కాని కార్లు

అమెరికాలో 1974 మోడల్ కారు ఒకటి కొన్నారనుకోండి. కిరాణా సంచి పక్క సీట్లో పడేసి తాళం తిప్పారు. బజర్ మోగుతుంది, కారు మాత్రం స్టార్ట్ కాదు. సీటులో ఉన్న సెన్సార్‌కి బరువు తెలుస్తుంది గానీ, ఆ బరువు మనిషిదో బంగాళాదుంపలదో తెలీదు. ఆ సంచికి కూడా బెల్ట్ పెడితేనే బండి కదిలేది! పెంపుడు కుక్క కూర్చున్నా ఇదే గొడవ.

దీని పేరు ఇగ్నిషన్ ఇంటర్‌లాక్. ఇది ఎలా వచ్చిందో చూస్తే ఇంకా విచిత్రంగా ఉంటుంది. ఇప్పుడు మనం వాడే మూడు పాయింట్ల బెల్ట్‌ని 1959లో వోల్వో ఇంజినీర్ నిల్స్ బోలిన్ తెచ్చాడు. పేటెంట్‌ని కంపెనీ అందరికీ వదిలేసింది. 1968 నుంచి అమెరికాలో కొత్త కార్లకి బెల్టులు తప్పనిసరి అయ్యాయి. కార్లలో ఉన్నాయి సరే, పెట్టుకునేదెవరు? చాలామంది వాటి మీదే కూర్చునేవాళ్లు. దాంతో ప్రభుత్వం ఎయిర్‌బ్యాగులు పెట్టమంది. 1971 ఏప్రిల్‌లో హెన్రీ ఫోర్డ్ 2, లీ అయకోకా వైట్‌హౌస్‌కి వెళ్లి, ఇవన్నీ మామీద భారమని నిక్సన్ దగ్గర మొరపెట్టుకున్నారు. ఆ సంభాషణ నిక్సన్ టేపుల్లోనే రికార్డయింది. ఎయిర్‌బ్యాగ్ వాయిదా పడింది, దాని బదులు ఇంటర్‌లాక్ వచ్చింది.

జనానికి ఒళ్లు మండిపోయింది. కొందరు వైర్లు పీకేశారు, కొందరు బెల్ట్‌ని వెనక నుంచి తిప్పి శాశ్వతంగా తగిలించేశారు. 1974 అక్టోబర్‌లో కాంగ్రెస్ ఏకంగా చట్టమే చేసింది: ఇంటర్‌లాక్ తప్పనిసరి చేయకూడదు, బజర్ కూడా 8 సెకన్లకి మించి మోగాలని అడగకూడదు. నా దృష్టిలో జనం కోపంలో సగం న్యాయమే. ఫాల్స్ అలారమ్స్ ఇచ్చే సిస్టమ్‌ని యూజర్ ఆఫ్ చేస్తాడు. ఐటీలో పనిచేసిన ఎవర్నడిగినా చెప్తారు.

మిగతా సగం మాత్రం భయం. "బండి కాలిపోతే బెల్ట్‌లో ఇరుక్కుపోతాం, దానికంటే బయటికి ఎగిరిపడటమే నయం" అనేవాళ్లు. లెక్క చూడండి. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో దేన్నైనా గుద్దితే కారు ఆగుతుంది, మీరు ఆగరు. సుమారు 14 మీటర్ల పైనుంచి, అంటే నాలుగంతస్తుల మీద నుంచి పడితే ఎంత వేగం ఉంటుందో ఆ వేగంతో అద్దం వైపు వెళ్తారు. బయటికి ఎగిరిపడినవాళ్లే ఎక్కువగా చనిపోతారు.

1984లో రవాణా మంత్రి ఎలిజబెత్ డోల్ ఒక షరతు పెట్టారు. దేశ జనాభాలో మూడింట రెండొంతుల మందికి వర్తించేలా రాష్ట్రాలు బెల్ట్ చట్టాలు చేస్తే, ఎయిర్‌బ్యాగ్ లాంటివి తప్పనిసరి చేయం అని. అంతే, నిన్నటిదాకా మూలిగిన కార్ల కంపెనీలే బెల్ట్ చట్టాల కోసం లాబీయింగ్ మొదలెట్టాయి! అదే ఏడాది న్యూయార్క్ మొదటి చట్టం చేసింది. మిషిగన్‌లో బిల్లు పెట్టిన డేవిడ్ హోలిస్టర్‌కైతే హిట్లర్‌తో పోలుస్తూ ఉత్తరాలొచ్చాయి.

మసాచుసెట్స్ కథ నాకు బాగా నచ్చుతుంది. 1986లో అక్కడి జనం ఓటేసి మరీ బెల్ట్ చట్టాన్ని రద్దు చేశారు. 1994లో చట్టం మళ్లీ వచ్చింది, మళ్లీ ఓటింగ్ పెట్టారు. ఈసారి అదే రాష్ట్రం చట్టాన్ని ఉంచింది. ఎనిమిదేళ్లలో ఎవరి ఉపన్యాసమో విని మారిపోయారని నేననుకోను. పక్క రాష్ట్రాల్లో చట్టాలు వచ్చాయి, పోలీసులు ఫైన్లు వేశారు, చిన్నప్పటి నుంచి బెల్ట్ పెట్టుకున్న పిల్లలు పెద్దయ్యి స్టీరింగ్ పట్టారు. 1980ల మొదట్లో అమెరికాలో నూటికి 15 మంది కూడా బెల్ట్ పెట్టుకునేవాళ్లు కాదు, ఇప్పుడు 90 దాటింది. అయినా న్యూ హాంప్‌షైర్‌లో పెద్దవాళ్లకి ఇప్పటికీ చట్టం లేదు.

ఇక మన దగ్గరికి వద్దాం. 2019 జులై నుంచి కొత్త కార్లలో బెల్ట్ రిమైండర్ తప్పనిసరి. మనవాళ్లు ఊరుకుంటారా? బీప్ ఆపడానికి బకిల్‌లో దూర్చే చిన్న మెటల్ క్లిప్పులు ఆన్‌లైన్‌లో అమ్మకానికొచ్చాయి. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆదేశాలిచ్చాక 13 వేలకి పైగా లిస్టింగులు తీసేశారు. వాటిలో కొన్నిటిని ఏ పేరుతో అమ్మారో తెలుసా? బాటిల్ ఓపెనర్ అని.