ఓమ్, కిర్చాఫ్, స్టైన్‌మెట్జ్: ఫస్టియర్‌లో మనల్ని భయపెట్టే ముగ్గురు

ఈ ఏడాది ట్రిపుల్ ఈ తీసుకున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇది మీకోసమే రాస్తున్నాం.

మా రూమ్‌లో నలుగురం. నలుగురి ఇళ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఫస్ట్ సెమ్‌లో బేసిక్ ఎలక్ట్రికల్ పేపర్ ముగ్గురికి పోయింది. "ఇవి మన బుర్రకెక్కేవి కావురా" అని ఒకడు పెట్టె సర్దేశాడు కూడా. సప్లిమెంటరీకి కూర్చున్నప్పుడు, అసలు ఈ సూత్రాలు రాసినవాళ్లు ఎవరో చూద్దామని వెతికాం.

ఓమ్‌ది జర్మనీలో ఎర్లాంగెన్. వాళ్ల నాన్న తాళాలు చేసే పనివాడు. సొంతంగా చదువుకుని కొడుకులకు లెక్కలు నేర్పాడు. ఓమ్ కొలోన్‌లో స్కూల్లో పాఠాలు చెప్పుకుంటూ ప్రయోగాలు చేశాడు. 1825లో అచ్చయిన ఆయన మొదటి సూత్రం తప్పు! లాగరిథమ్ పెట్టి రాశాడు. అప్పటి బ్యాటరీలు నిలకడగా ఉండేవి కావు, రీడింగులు మారిపోయేవి. (ల్యాబ్‌లో రీడింగు తేడా వస్తే మనం పక్కవాడిది చూసి రాసేస్తాం, ఆయనకు పక్కన ఎవరూ లేరు.) తర్వాత బ్యాటరీ పక్కన పెట్టేసి, రెండు లోహాల అతుకుల్లో ఒకదాన్ని మరిగే నీళ్లలో, రెండోదాన్ని మంచులో ఉంచి నిలకడైన కరెంటు తెచ్చుకున్నాడు. అప్పుడు గానీ లెక్క కుదరలేదు. 1827లో పుస్తకం వేస్తే సొంత దేశంలో పెద్దగా పట్టించుకోలేదు. లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చేసరికి 1841 అయింది.

నోడల్, మెష్ అంటూ మనల్ని ఏడిపించేవన్నీ కిర్చాఫ్ రూల్స్ మీదే నిలబడ్డాయి. 1845లో వాటిని ప్రచురించేనాటికి ఆయన కోనిగ్స్‌బర్గ్ యూనివర్సిటీలో స్టూడెంట్, వయసు 21. మాకంటే ఒక్క ఏడాది పెద్ద! ఆ రూల్స్ మాకు ఇలా అర్థమయ్యాయి: వాగు రెండు పాయలైతే పాయల్లో నీళ్లు కలిపి పైనుంచి వచ్చినంతే. గుట్టెక్కి తిరిగి అదే చోటికి దిగితే ఎంత ఎక్కామో అంతే దిగినట్టు.

వాళ్ల కాలంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ అనే కోర్సే లేదు. డైనమోలు, దీపాలు వచ్చాక మనుషులు కావాల్సి వచ్చి, 1882లో అమెరికాలో ఎమ్‌ఐటీ ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌లోనే ఒక కోర్సు పెట్టింది. అదే ఏడాది జర్మనీలో డార్మ్‌స్టాట్‌లో కిట్లర్‌ను ప్రొఫెసర్‌గా వేశారు.

ఇక ఏసీ. మన ముంచింగిపుట్టు వైపు మాచ్‌ఖండ్‌లో 1955 నుంచి తీస్తున్న కరెంటు ఇదే. మన కొండల నీళ్లతో తీసిందే, మన గూడేల మీదుగానే లైన్లు పోయాయి, చాలా గూడేల్లో బల్బు వెలగడానికి మాత్రం ఏళ్లు పట్టింది. ఏసీ లెక్కల్లో 'జె' చూసి భయపడతాం గానీ అది వచ్చింది పని తగ్గించడానికే. అంతకుముందు ప్రతి సర్క్యూట్‌కీ కాలిక్యులస్‌తో కుస్తీ పట్టాల్సి వచ్చేది. 1893లో షికాగో సభలో స్టైన్‌మెట్జ్ కాంప్లెక్స్ నంబర్లతో మామూలు కూడికలు, గుణకారాలుగా మార్చి చూపించాడు. ఆయన పుట్టుకతోనే గూని మనిషి. 1889లో న్యూయార్క్‌లో దిగితే అధికారులు వెనక్కి పంపేయబోయారు, వెంట వచ్చిన స్నేహితుడు పూచీ పడితే నిలిచాడు.

పెట్టె సర్దినవాడు సప్లిమెంటరీలో పాసయ్యాడు. ఇప్పుడు రాత్రి తొమ్మిదయ్యాక మెష్ లెక్కలు చెప్పేది వాడే. మా హాస్టల్‌లో చేరేవాళ్లు నోట్స్ కొనకండి, మా దగ్గర ఉన్నాయి, వచ్చి తీసుకోండి.