శూన్యబహిష్కారము

అపరాధిని దేశమునుండి వెడలఁగొట్టుట లోకమునఁ గలదు. శూన్యములోనికి వెడలఁగొట్టుట యెట్లు? పోవువానికిఁ జోటు కావలెను. చోటున్నచో నది శూన్యము కాదు. ఈ విరోధము ఇంగ్లండు రచయితయగు జె. ఆర్. ఆర్. టోల్కీన్ (1892–1973) కల్పించిన పురాణమున స్పష్టముగాఁ గానవచ్చుచున్నది.

ఆయన మరణానంతరము కుమారుఁడు క్రిస్టఫర్ 1977లోఁ బ్రకటించిన 'సిల్మరిలియన్' గ్రంథమున, దుష్టత్వమునకు మూలమగు మెల్కోర్ యుద్ధమున నోడి, తన యినుపకిరీటమే మెడకు బంధనము కాఁగా, లోకప్రాకారముల కావలనున్న కాలాతీతశూన్యమునకుఁ ద్రోయఁబడెను. 1930–40 నడుమ వ్రాయఁబడిన 'అంబర్‌కాంత' యను లోకవర్ణనమునందే యా ప్రాకారములును, అతనిని వెడలఁద్రోసిన ద్వారమును గలవు. అందలి పటములలో శూన్యమునకు సయితము పేరు గుర్తింపఁబడినది. అనఁగా నది యొక ప్రదేశమే.

కాని యీ పురాణమున సృష్టికిఁ బేరు 'ఎఆ'. దాని కర్థము 'ఉన్నది' యని. ఉన్నదాని వెలుపలిది లేనిదే కావలెను గదా! మఱియు మెల్కోర్ సృష్టికి మున్నే యొంటరిగా శూన్యమున సంచరించెనని గ్రంథారంభమునఁ గలదు. కావున శూన్యప్రవేశ మతనికి వినాశము కాదు. వేఱొక చిక్కు: సృష్టిలోఁ బ్రవేశించిన దేవత లది ముగియువఱకు దానియందే బద్ధులై యుండవలెనని నియమము. అట్లయినచో నతఁడు వెలుపలికిఁ బోవుట యెట్లు?

మన తార్కికుల పరిభాష యిచ్చట నుపకరించును. అన్నంభట్టు తర్కసంగ్రహమున నభావమును ప్రాగభావము, ప్రధ్వంసాభావము, అత్యంతాభావము, అన్యోన్యాభావము అని నాలుగు విధములుగాఁ జెప్పెను. అభావమునకుఁ బ్రతియోగియు, అధికరణమును వలయును. భూతలమున ఘటము లేదన్నచో ఘటము ప్రతియోగి, భూతల మధికరణము. మెల్కోర్ ప్రతియోగియైనచో నధికరణము లోకమే కాని శూన్యము కాదు. 'శూన్యమున నున్నాఁడు' అనుమాటకు 'లోకమున లేఁడు' అనుటయే తాత్పర్యమైనచో విరోధము తొలఁగును.

టోల్కీన్ సయితము తుదకిట్టి సమాధానమునకే చేరెను. 1993లో వెలువడిన 'మోర్గోత్స్ రింగ్' సంపుటమునందలి టిప్పణములలో, సృష్టికి వెలుపలి యసత్తును, సృష్టిలోపలి విశాలావకాశమును జనులు కలగలుపుదురని వ్రాసెను. దేశకాలముల కావలికి నెట్టుటకు సృష్టికర్తయే స్వయముగాఁ బూనుకొనవలెననియు, ఆ మాట మెల్కోర్ యాత్మ భూలోకమును వీడుటను సరిగాఁ దెలుపనిదై యుండవచ్చుననియు నాయన యూహ.

అయినను బహిష్కారము సంపూర్ణము కాలేదు. అతఁడు నాటిన యసత్యములు మరలమరల మొలచుచునే యుండునని సిల్మరిలియన్ చెప్పుచున్నది. అతని శక్తి భూద్రవ్యమునందే వ్యాపించెనని పై టిప్పణములు చెప్పుచున్నవి. కర్తను వెడలఁగొట్టుట దేవతలకు సాధ్యమయ్యెను. కార్యమును వెడలఁగొట్టుటకు లోకమునే వెడలఁగొట్టవలసియుండును. శూన్యమెక్కడ నను ప్రశ్నకంటె నీ ప్రశ్నయే కఠినమైనది.