లేని బ్యాండు మొదటి ఆల్బం

1989లో ఇంగ్లండులో ఒక క్యాసెట్ బయటికొచ్చింది. పేరు 'టార్క్విన్స్ సీవీడ్ ఫార్మ్'. దాంతోపాటు ఎనిమిది పేజీల చిన్న పుస్తకం కూడా. అందులో పోర్క్యుపైన్ ట్రీ అనే బ్యాండు చరిత్ర ఉంది: డెబ్బైల్లో ఒక రాక్ ఫెస్టివల్లో సభ్యులు ఒకరికొకరు తారసపడటం, కొన్నిసార్లు జైలుకెళ్ళి రావడం, అప్పట్లో చేసిన ఆల్బంల జాబితా. సభ్యుల్లో ఒకాయన సర్ టార్క్విన్ అండర్‌స్పూన్, ఇంకొకాయన టిమొతీ టాడ్‌పోల్-జోన్స్. ఈ పేర్లు చూస్తేనే అనుమానం రావాలి. నిజానికి అందులో ఒక్క ముక్క కూడా జరగలేదు. ఫెస్టివల్ లేదు, జైలు లేదు, ఆల్బంలు లేవు. ఉన్నదల్లా లండన్‌కి కాస్త దూరంలో, హెమెల్ హెంప్‌స్టెడ్ అనే ఊళ్ళో స్టీవెన్ విల్సన్ అనే ఇరవై రెండేళ్ళు నిండని కుర్రాడు. ఈ సరదాలో పాలుపంచుకున్న స్నేహితుడు మాల్కమ్ స్టాక్స్. అంతే.

ఇంత అబద్ధం ఎందుకు? జోక్ కోసమే అంటే సరిపోతుంది, కానీ ఆ జోక్‌కి ఒక కాలం ఉంది. ప్రోగ్రెసివ్ రాక్ డెబ్బైల మొదట్లో వెలిగింది. ఇరవై నిమిషాల పాటలు, మెలోట్రాన్లు, మడత విప్పితే బల్లంత అయ్యే ఎల్పీ అట్టలు. 1976-77లో పంక్ వచ్చాక 'ప్రోగ్' అన్న మాట ఇంగ్లిష్ సంగీత పత్రికల్లో దాదాపు తిట్టయిపోయింది. ఎనభైల్లో మరిలియన్ లాంటివాళ్ళు దాన్ని మళ్ళీ లేపారు గానీ పరువు మాత్రం తిరిగి రాలేదు. అలాంటప్పుడు పెద్ద కంపెనీల తలుపు తట్టి, నేను పింక్ ఫ్లాయిడ్ లాంటి పాటలు చేస్తాను అని చెప్తే ఎవరు వింటారు?

తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అంటారు మనవాళ్ళు. విల్సన్‌కి ఆ తాతలు కూడా లేరు. అందుకని తాతల్ని తయారు చేసుకున్నాడు. వర్తమానంలో చోటు లేని సంగీతానికి ఒక గతాన్ని కల్పించి పెట్టాడు. ఇప్పుడు ఎవరూ ఇలా వాయించట్లేదేంటని అడగడానికి వీల్లేదు, ఇది పాతదే కదా! పైగా బాగా లేకపోయినా పోయేది టాడ్‌పోల్-జోన్స్ పరువే.

ఈ ఉపాయం మొదట ఇతనిది కాదు. 1985 ఏప్రిల్ 1న ఎక్స్‌టీసీ అనే స్విండన్ బ్యాండు 'డ్యూక్స్ ఆఫ్ స్ట్రాటోస్ఫియర్' అని వేషం కట్టి అరవైల నాటి సైకెడెలిక్ రికార్డు ఒకటి వేసింది. తేడా ఏంటంటే వాళ్ళు అప్పటికే పేరున్నవాళ్ళు, సెలవులో వేషం వేశారు. ఇతనికి వేషం తప్ప ఇంకా ఏమీ లేదు.

పూర్తిగా ఏమీ లేదనడం కూడా తప్పే. నాన్న ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు, కొడుక్కి మల్టీట్రాక్ టేప్ యంత్రాన్ని ఇంట్లోనే చేసిచ్చాడు. ఒక క్రిస్మస్‌కి అమ్మానాన్నలు ఒకరికొకరు ఇచ్చుకున్న రికార్డులు ఈ పిల్లాడి చెవిలో పడ్డాయి: నాన్నకి పింక్ ఫ్లాయిడ్ 'డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్', అమ్మకి డోనా సమ్మర్ 'లవ్ టు లవ్ యూ బేబీ'. విల్సన్ ఈ సంగతి ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పాడు. ఒకటి ప్రోగ్, ఒకటి డిస్కో. రెండూ ఒకే ఇంట్లో, ఒకే గ్రామఫోన్ మీద.

క్యాసెట్ చేతులు మారి మారి రిచర్డ్ అలెన్ దాకా వెళ్ళింది. ఆయన 'ఫ్రీక్‌బీట్' అనే సైకెడెలిక్ పత్రిక నడిపేవాళ్ళలో ఒకరు. కొన్ని పాటలు నచ్చాయి, కొన్ని నచ్చలేదు, ఆ మాటే సమీక్షలో రాశాడు. ఆ తర్వాత డెలీరియం అనే చిన్న లేబుల్ మొదలుపెట్టినప్పుడు విల్సన్‌నీ కలుపుకున్నాడు. 1991లో 'ది నోస్టాల్జియా ఫ్యాక్టరీ' అని రెండో క్యాసెట్. ఈ రెండిట్లోంచి మెరుగైనవి ఏరి 1992లో 'ఆన్ ది సండే ఆఫ్ లైఫ్...' విడుదల చేశారు. మొదట వేసింది వెయ్యి కాపీలే. ఆ పేరుకి అర్థం వెతక్కండి. అలెన్ రాసుకున్న అర్థంలేని పేర్ల పెద్ద జాబితాలోంచి అది తీశారు.

పద్దెనిమిది ట్రాకులు, డెబ్బై అయిదు నిమిషాలు. నన్నడిగితే మూడో వంతు తీసేయొచ్చు. 'మెసేజ్ ఫ్రమ్ ఎ సెల్ఫ్-డిస్ట్రక్టింగ్ టర్నిప్' అర నిమిషం గోల. 'లింటన్ శామ్యూల్ డాసన్' పొడి అక్షరాలు కలిపితే ఎల్ఎస్‌డీ, గొంతు టేపు వేగం పెంచినట్టు కీచుమంటుంది. కాలేజీ హాస్టల్లో రాత్రి రెండింటికి నవ్వొచ్చే రకం హాస్యం, పొద్దున్నకి మిగలదు. మాటల్లో చాలావరకు విల్సన్‌వి కూడా కావు, అలన్ డఫీ అనే కలం స్నేహితుడు రాసినవి.

కానీ మధ్యలో 'నైన్ క్యాట్స్' వస్తుంది. అకూస్టిక్ గిటారు, పొంతన లేని కలలాంటి మాటలు, వాటి కింద నిజంగా మంచి వరస. దానికి ముందే 'రేడియోయాక్టివ్ టాయ్'. పది నిమిషాలు. అణుయుద్ధం తర్వాతి లోకం. నెమ్మదిగా, దాదాపు సిగ్గుపడుతూ మొదలై ఒక్కసారిగా పైకి లేస్తుంది. తర్వాత గిటారు తొందర లేకుండా చాలాసేపు ఒంటరిగా మాట్లాడుతుంది. ఇక్కడ టార్క్విన్ గారు కనపడరు. వెక్కిరింపు కోసం కట్టిన వేషం లోపల ఒక మనిషి తనకి నిజంగా ఇష్టమైంది వాయించుకుంటూ దొరికిపోయిన పాట ఇది. డ్రమ్ మెషీన్ టకటకలు వినపడుతూనే ఉంటాయి, అయినా పట్టించుకోం. ఆల్బం మొత్తానికి ఇదొక్కటే చాలని అననుగానీ, ఇది లేకపోతే మనం దీని గురించి మాట్లాడుకునేవాళ్ళం కాదు.

దొంగ చరిత్ర రాసిన చెయ్యే తర్వాత అసలు చరిత్రని ముట్టుకోవడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. కింగ్ క్రిమ్సన్ 1969 నాటి తొలి ఆల్బం నలభయ్యో ఏటికి, 2009లో, కొత్తగా మిక్స్ చేసినవాళ్ళలో విల్సన్ ఉన్నాడు. ఆ తర్వాత జెథ్రో టల్ వచ్చింది, యెస్ వచ్చింది. టాడ్‌పోల్-జోన్స్‌ని పుట్టించింది వెటకారమే అయితే ఇంత ఓపిక ఎక్కణ్ణించి వస్తుంది?

మళ్ళీ వెనక్కి వద్దాం. అప్పటికి విల్సన్ మనసు పెట్టి నడుపుతున్న జోడీ వేరే ఉంది. టిమ్ బౌనెస్‌తో కలిసి చేసే నో-మ్యాన్. వన్ లిటిల్ ఇండియన్ అనే లేబుల్‌తో ఒప్పందం కూడా కుదిరింది. పోర్క్యుపైన్ ట్రీ తీరిక వేళ ఆట. కానీ జనం కొనడం మొదలుపెట్టింది ఆటనే. రెండో ఆల్బం 'అప్ ది డౌన్‌స్టెయిర్' 1993లో వచ్చేసరికి జోక్ కాస్తా బాధ్యతైంది. లేబుల్ ఉంది, శ్రోతలున్నారు, కచేరీ చెయ్యమంటున్నారు. వేదిక మీదికి ఎవరు వెళ్తారు?

మనుషుల్ని వెతకాల్సి వచ్చింది. కీబోర్డుకి ఒకప్పుడు జపాన్ అనే బ్యాండులో వాయించిన రిచర్డ్ బార్బియెరి, బేస్‌కి కాలిన్ ఎడ్విన్, డ్రమ్స్‌కి క్రిస్ మెయిట్‌లండ్. 1993 డిసెంబర్‌లో మొదటిసారి నలుగురూ జనం ముందుకొచ్చారు. బ్యాండు పుట్టేసరికి దాని మొదటి ఆల్బంకి ఏడాదిన్నర వయసు, దాని చరిత్రకి నాలుగేళ్ళ వయసు. 'రేడియోయాక్టివ్ టాయ్' ఆ తర్వాత ఏళ్ళ తరబడి కచేరీల్లో వినిపిస్తూనే ఉంది, ఈసారి మెషీన్ బదులు మనిషి చేతుల మీద.